రాళ్ళవాగుపాలెంలో ఫిలిప్పీన్స్ నీళ్ళ పండుగ

బాలల దేహవికాస శాఖ పెద్దలు కొందరు పిల్లలకు డ్రిల్లు ఎలా చెప్పాలో తెలుసుకుందామని ఫిలిప్పీన్స్ దేశం వెళ్ళివచ్చారు. మన పిల్లల డ్రిల్లు ఎలా ఉందో చూడ్డానికి పక్క మండలం వెళ్ళినా సరిపోయేదేమో గానీ, పక్క మండలంలో సముద్రం ఒడ్డున హోటళ్ళు లేవు. అక్కడి బడి పుస్తకంలో ఊళ్ళ పండుగలూ, నడవడం దూకడం వంగడం వంటి కదలికలూ, పళ్ళు తోముకోవడం చేతులు కడుక్కోవడం వంటి ఆరోగ్య సూత్రాలూ ఒకే అట్టల మధ్య ఉండడం వారి కంటపడింది. అక్కడి టీచర్లకు అవి మూడు వేర్వేరు పాఠాలు. మనవారికి మాత్రం తిరుగు విమానం ఎక్కేలోపే ఆ మూడూ ఒకటేనని తట్టింది. వచ్చిన నెలలోపే 'పండుగలు, కదలికలు, ఆరోగ్యం' అనే కొత్త సబ్జెక్టు పుట్టింది. దాన్ని పొట్టిగా 'పంకా' అన్నారు. రాష్ట్రంలో ప్రతి తరగతి గదికీ పంకా వచ్చిందని పేపర్లో పడితే, నిజమేననుకుని పైకి చూసిన పిల్లలున్నారు.

రాళ్ళవాగుపాలెం హైస్కూల్లో డ్రిల్లు టీచరు సలోమికి ఈ సంగతి తెలిసేనాటికి ఆమె తల ఇంకో విషయంతో వేడెక్కి ఉంది. ఆ ఊరి పేరులో వాగుంది గానీ ఊళ్ళో మిగిలినవి రాళ్ళే. బడి బోరు ఎండిపోయి రెండు వేసవులు దాటింది. ఆడపిల్లల మరుగుదొడ్లు మాత్రం చూడముచ్చటగా ఉంటాయి. గులాబీ రంగు వేశారు. గోడమీద చేతులు కడుక్కుంటున్న పాప బొమ్మ గీయించారు. పైన నల్ల ట్యాంకు కూర్చోబెట్టారు. అన్నీ అమర్చాక తలుపులకు తాళాలు వేశారు. నీళ్ళు లేని దొడ్లకు తాళం వెయ్యక ఏం చేస్తారు పాపం!

అందుకని ఆ బళ్ళో ఆడపిల్లలు నీళ్ళు తాగరు. పొద్దున బయల్దేరేటప్పుడు ఇంట్లో తాగరు, మధ్యాహ్నం అన్నంలోకి తాగరు. సాయంత్రం ఇల్లు చేరాక చెంబు ఎత్తి గడగడా తాగుతారు. మధ్యలో తాగితే వెళ్ళాలి, వెళ్ళడానికి చోటు లేదు. గోడ దూకి అవతలికి పోదామంటే అటు బస్టాండు, ఇటు టీ కొట్టు.

తొమ్మిదో తరగతి మల్లీశ్వరి ఖోఖో జట్టు కెప్టెన్. ఒకరోజు ఆట మధ్యలో పొత్తికడుపు పట్టుకుని మట్టిలో కూలబడిపోయింది. సలోమి ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్తే, మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు. మందులిచ్చి, నీళ్ళు బాగా తాగించమన్నారు. తగ్గింది. మళ్ళీ వచ్చింది. రెండోసారి వచ్చిన తెల్లారే వాళ్ళమ్మ నారాయణమ్మ మిరపకోతకు పోతూ పోతూ సరాసరి మైదానంలోకి వచ్చేసింది.

"ఏంది టీచరమ్మా ఇది! డాక్టరేమో నీళ్ళు తాగమంటాడు. తాగితే బళ్ళో కూచోలేనంటది పిల్ల. నేనెవరి మాట వినాల? రేత్రంతా మంట మంటని ఏడ్సింది. మీ ట్యాంకులోకి నీళ్ళొచ్చినాక కబురు చెయ్యండి, పంపిస్తా. అందాకా నాతోబాటు కోతకొస్తది."

"ఈ ఏడు మాన్పిస్తే ఇంక బడి మొహం చూడదమ్మా," అంది సలోమి.

"ఒళ్ళు పాడైనాక బడేం చేసుకోను?"

పిల్లల్ని పరుగెత్తించే టీచరు సలోమి, ఆ పిల్లలకు గుక్కెడు నీళ్ళు తాగే ధైర్యం ఇవ్వలేకపోయింది. సిగ్గేసింది. "నెల్రోజులు ఆగమ్మా. ఎట్టాగైనా నీళ్ళు తెప్పిస్తా," అంది. నారాయణమ్మ ఆమెను కిందికీ మీదికీ చూసి, "నెలంటే నెలే," అని వెళ్ళిపోయింది.

సరిగ్గా ఆ వారమే పంకా శిక్షణకు జిల్లా కేంద్రానికి రమ్మని పిలుపొచ్చింది. పైవాళ్ళెవరో వస్తారు గదా, నీళ్ళ సంగతి అక్కడే తేల్చేద్దామని సలోమి అర్జీ రాసుకుని బస్సెక్కింది.

శిక్షణ ఇచ్చింది శాఖ సంయుక్త సంచాలకులు శ్రీ విశ్వంభరరావు గారు. పంకాకు సృష్టికర్త ఆయనే. ఫిలిప్పీన్స్‌లో పెద్దమనుషులు వేసుకునే అనాసపీచు చొక్కా, బుటాలు కుట్టింది, పొడుగుచేతులది, తొడుక్కుని వేదికెక్కారు. ఎండకు చొక్కా వీపుకు అంటుకుపోతున్నా ఆయన ఉత్సాహం తగ్గలేదు.

"ఉపాధ్యాయ మిత్రులారా! పండుగ అనునది సామూహిక కదలిక. ఆరోగ్యము అనునది వ్యక్తిగత కదలిక. కావున కదలికయే సర్వము. ఆ దేశమున పండుగలు కోకొల్లలు. ఇళ్ళ ముంగిళ్ళను కూరగాయలతో అలంకరించు పండుగ ఒకటి గలదు. మనకు మధ్యాహ్న భోజనమునకే కూరగాయలు చాలకపోవుటచే దానిని పరిహరించితిమి. నవ్వుముఖముల ముసుగులు ధరించు పండుగ మరియొకటి గలదు. ముసుగు ధరించిన పిల్లలను మన హాజరు యంత్రము గుర్తించకపోవుటచే దానిని సైతము పరిహరించితిమి. అన్ని కోణములనుండి పరిశీలించిన మీదట నీళ్ళ పండుగ ఎంపికైనది."

ఆ పండుగ ఏమిటో ఆయన వివరించారు. జూన్ నెలలో జనం బకెట్లూ చెంబులూ పట్టుకుని వీధుల్లోకొచ్చి దారినపోయేవాళ్ళ మీద నీళ్ళు గుమ్మరిస్తారట. పెద్దా చిన్నా తేడా లేదట. "ఇందులో ముఖ్యమైన ధర్మము ఒకటి గలదు. తడిసినవారికి కోపము రాకూడదు. నవ్వవలెను. దీనిని అందరూ రాసుకొనుడు," అన్నారు. అందరూ రాసుకున్నారు.

సలోమి లేచి నిలబడింది. "సార్, మా బళ్ళో నీళ్ళు లేవండీ."

హాల్లో నాలుగు మూలల నుంచీ "మా బళ్ళో కూడా" అన్న మాటలు లేచాయి. విశ్వంభరరావు గారు చిరునవ్వు నవ్వారు. ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టుంది.

"అమ్మా, మీరు ప్రాథమిక కదలికల అధ్యాయము చదివినట్లు లేదు. బంతి లేకుండా బంతి విసురు కదలిక నేర్పవచ్చునా, లేదా?"

"నేర్పుతున్నామండీ. మా బళ్ళో బంతీ లేదు."

"చూచితిరా! అదే విధముగా నీరు లేకుండా చేతులు కడుగు కదలిక నేర్పవచ్చును. కదలిక ప్రధానము. నీరు అనుబంధము."

"మరి చేతులకున్న మట్టి పోదు గదండీ?"

"మట్టి మన పాఠ్యాంశములో లేదు," అన్నారాయన. అని ఊరుకోలేదు. వేదిక ముందుకొచ్చి, కనపడని కుళాయి తిప్పి, కనపడని సబ్బు రుద్ది, వేళ్ళ సందులు, గోళ్ళ మొదళ్ళు, మణికట్లు అన్నీ శుభ్రంగా కడిగి చూపించారు. కుళాయి కట్టెయ్యడం కూడా మర్చిపోలేదు. వెంటనే బంట్రోతు గోవిందు పరుగున వచ్చి తుండుగుడ్డ అందించాడు. ఆయన పొడిచేతులు తుడుచుకున్నారు. హాలంతా చప్పట్లు కొట్టింది.

భోజనాలయ్యాక సలోమి ఆయన్ని వరండాలో పట్టుకుంది. ఆడపిల్లల సంగతి, మల్లీశ్వరి సంగతి, నెల గడువు సంగతి అన్నీ చెప్పింది. ఆయన ఓపిగ్గానే విన్నారు. అర్జీ తీసుకుని, "పైపులైను విషయము సానుభూతితో పరిశీలించబడును," అన్నారు. ఆ 'సానుభూతి' అన్న మాట పట్టుకుని సలోమి బస్సులో సంబరంగా తిరిగొచ్చింది. పిచ్చిది!

హెడ్మాస్టరు కాశిరెడ్డి గారు రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి. పై నుంచి కాగితం వస్తే చదవకముందే సరేనంటారు. "అమ్మాయ్ సలోమీ, మనకెందుకమ్మా తర్కాలు. కడగమన్నారు, కడిగిద్దాం. నన్ను మర్యాదగా ఇంటికి పోనియ్యి," అన్నారు.

కడిగించారు. మధ్యాహ్నం అన్నానికి ముందు బడి మొత్తం మైదానంలో బారులు తీరి గాలిలో చేతులు కడిగేది. కడిగిన ఆ మట్టిచేతులతోనే అన్నం తినేది. పొద్దున ప్రార్థనకు ముందు గాలిలో పళ్ళు తోముకునేవారు, పుక్కిలించి ఎడమపక్కకు ఉమ్మేవారు. ఆ తర్వాత 'నీరు త్రాగు కదలిక' వచ్చింది. గ్లాసు పట్టుకున్నట్టు చెయ్యి పెట్టాలి, తల వెనక్కి వాల్చాలి, గుటక వెయ్యాలి, చివర్న 'ఆహా' అనాలి. ఫోన్లో వీడియో తీసి పంపిస్తే, ఆ 'ఆహా' ఎంత గట్టిగా వినపడిందో చూసి యాప్ మార్కులేస్తుంది. మొదట్లో పిల్లలు పకపకా నవ్వారు. రానురానూ వాళ్ళకి చెయ్యి తిరిగింది. ఎండిన గొంతులతో వాళ్ళు 'ఆహా' అంటుంటే టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళు లేచి నిలబడి చూసేవాళ్ళు.

ఇవన్నీ ఓర్చుకున్న సలోమికి 'మరుగుదొడ్డి వినియోగ కదలిక' అన్న ఉత్తర్వు చదివేసరికి ఒళ్ళు మండిపోయింది. బాలికలు తాళం వేసిన తలుపు ముందు బారులు తీరవలెను. తలుపు తెరచు కదలిక చేయవలెను. తగినంత విరామము తరువాత నీరు గుమ్మరించు కదలిక చేయవలెను. వెలుపలికి వచ్చి సంతృప్తి వ్యక్తము చేయవలెను.

"ఏం మనుషులు సార్ వీళ్ళు! వీళ్ళకి ఆడపిల్లలు లేరా ఇళ్ళల్లో?" అని అరిచింది స్టాఫ్‌రూములో.

"మెల్లగా అమ్మా, మెల్లగా. కంప్యూటర్ ఆన్ చేసుంది, పైవాళ్ళకి వినపడుతుందేమో," అన్నారు కాశిరెడ్డి గారు.

పంకాలో రాళ్ళవాగుపాలెం రాష్ట్రంలో మొదటి స్థానం తెచ్చుకుంది. ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. నీళ్ళున్న బళ్ళకు తక్కువ మార్కులొచ్చాయి. అక్కడి పిల్లలు కుళాయి కనపడగానే నీళ్ళు చిమ్ముకుంటారు, చొక్కాలు తడుపుకుంటారు, కదలికలు సగంలో వదిలేస్తారు. కొందరైతే నిజంగానే చేతులు కడుక్కుని ముందే వెళ్ళిపోతున్నట్టు తనిఖీలో బయటపడింది. నీటిచుక్క తగలని రాళ్ళవాగుపాలెంలో మాత్రం కదలికలు స్వచ్ఛంగా ఉన్నాయని శాఖ మెచ్చుకుంది.

ఆ మెప్పుతోబాటే సలోమి అర్జీకి జవాబు కూడా వచ్చింది. 'తమరి పాఠశాలలో చేతులు కడుగుట, నీరు త్రాగుట, మరుగుదొడ్డి వినియోగము నూటికి నూరుపాళ్ళు జరుగుచున్నట్లు వీడియోల ద్వారా రూఢి అయినందున, పైపులైను ఆవశ్యకత లేదని నిర్ధారించి విషయము ముగించడమైనది.'

సలోమి ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. పిల్లల చేత అంత బాగా చేయించింది తనే. తన చేతుల్తోనే ఆ పైపులైను గొంతు నులిమింది.

నెల నిండిన మర్నాడు మల్లీశ్వరి బడికి రాలేదు. సాయంత్రం సలోమి మిరపచేను దాకా నడిచింది. తలకు తువ్వాలు చుట్టుకుని కాయలు కోస్తున్న పిల్ల టీచర్ని చూసి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఖోఖోకి కెప్టెన్‌గా ఎవర్ని పెట్టారు టీచర్?"

"ఎవర్నీ పెట్టలా."

"నాగవేణిని పెట్టండి టీచర్. బాగా ఉరుకుద్ది," అని మళ్ళీ కోతలో పడిపోయింది. నారాయణమ్మ తలెత్తకుండా కోస్తూనే ఉంది. ఏదైనా తిట్టి ఉంటే బాగుండేదనిపించింది సలోమికి.

మొదటి స్థానం వచ్చిన బడిని శాఖ ఊరకే వదిలిపెడుతుందా? రాష్ట్రస్థాయి నీళ్ళ పండుగ రాళ్ళవాగుపాలెంలోనే జరపాలని నిర్ణయం జరిగింది. ముఖ్య అతిథి విశ్వంభరరావు గారు. వెంట పరివారం, కెమెరాలు, పత్రికలవాళ్ళు. ఉత్తర్వు చివర ఒక ముక్క ఉంది. 'అతిథులను తడుపు నిమిత్తము ఒక ట్యాంకరు నీరు మంజూరు చేయడమైనది. సదరు నీరు అతిథులకు మాత్రమే. విద్యార్థులు తమలో తాము తడుపుకొనుట కదలిక రూపమున జరుగవలెను.'

"చూశావా అమ్మాయ్, నీళ్ళొస్తున్నాయి. సంతోషించు," అన్నారు కాశిరెడ్డి గారు.

"వస్తున్నాయి సార్. వాళ్ళ నెత్తిన పోసుకోడానికి వస్తున్నాయి," అంది సలోమి. ఆ సాయంత్రమే నారాయణమ్మ ఇంటికెళ్ళి, "పండగ రోజు మల్లీశ్వరిని పంపమ్మా. ట్యాంకులో నీళ్ళుంటాయి," అంది.

"ఎవరు పోస్తారంట?"

"నేను."

నారాయణమ్మకు నమ్మకం కుదరలేదు గానీ, టీచరు మొహం చూసి కాదనలేకపోయింది.

పండుగ నాడు తెల్లారేసరికి ట్యాంకరు గేట్లోకొచ్చింది. డ్రైవరు మస్తాను తల బయటపెట్టి, "యాడ పొయ్యాల మేడం? డ్రమ్ముల్లోనా, బకెట్లలోనా?" అనడిగాడు.

సలోమి మరుగుదొడ్ల పైకప్పు చూపించింది. "ఆ నల్ల ట్యాంకులోకి పైపు వెయ్యి తమ్ముడూ."

కాశిరెడ్డి గారు పంచె ఎగ్గట్టి పరుగెత్తుకొచ్చారు. "అమ్మాయ్! నీకేమైనా మతిపోయిందా? అవి సార్ని తడిపే నీళ్ళమ్మా! ఆయనొచ్చాక దేంతో తడుపుతాం?"

"కదలికతో తడుపుతాం సార్. ఆయన చెప్పిందే. కదలిక ప్రధానం, నీరు అనుబంధం."

"నా పింఛను..." అన్నారాయన ఏడుపు గొంతుతో. గోడవతల మల్లీశ్వరి, నాగవేణి, ఇంకా కొంతమంది ఆడపిల్లలు నిలబడి ట్యాంకరు వంకే చూస్తున్నారు. కాశిరెడ్డి గారు వాళ్ళ వంక చూశారు, పైపు వంక చూశారు. జేబులోంచి తాళంచెవుల గుత్తి తీసి సలోమి చేతిలో పెట్టారు. "నేను దండలు తేవడానికి బజారుకెళ్తున్నా. ఇక్కడేం జరిగిందో నేను చూళ్ళేదు," అని గబగబా గేటు దాటారు.

మస్తాను మోటారు తిప్పాడు. కాసేపటికి గులాబీ గోడల వెనక కుళాయి తుమ్మినట్టు శబ్దం చేసింది. ముందు గాలి, తర్వాత తుప్పు నీళ్ళు, ఆ తర్వాత తెల్లటి ధార. మల్లీశ్వరి కుళాయి కింద దోసిలి పట్టింది. తాగకుండా టీచరు వంక చూసింది.

"తాగొచ్చా టీచర్?"

"తాగవే తల్లీ, కడుపునిండా తాగు. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు పో," అంది సలోమి. కళ్ళు తుడుచుకోవడానికి అటు తిరిగింది.

విశ్వంభరరావు గారి కారు వచ్చింది. అనాసపీచు చొక్కా ఇస్త్రీ మడత నలగకుండా దిగారు. గోవిందు చేతిలో ఒక జత పొడిబట్టలు, తుండుగుడ్డ ఉన్నాయి. వేదిక మీద దండలు వేశారు. కుర్చీల్లో కూర్చోబెట్టారు. సలోమి మైకు తీసుకుని, నీళ్ళ పండుగ చరిత్ర, ధర్మం చదివి వినిపించింది. తడిసినవారికి కోపం రాకూడదన్న ముక్క దగ్గర కాస్త నిదానించింది. ఆ మాట రాగానే విశ్వంభరరావు గారు తల ఊపి, కళ్ళు మూసుకుని, నీళ్ళకు సిద్ధంగా మొహం పైకెత్తారు.

పిల్లలు ఖాళీ బకెట్లతో వేదికెక్కారు. వంగారు. ఎత్తారు. గుమ్మరించారు. రాష్ట్రంలో మొదటి స్థానం వచ్చిన పిల్లలు మరి, ఎక్కడా తేడా లేదు. ఆఖరి చుక్క రాలేలా బకెట్టు అడుగు తట్టారు కూడా.

విశ్వంభరరావు గారు కాసేపు అలాగే ఎదురుచూశారు. ఒక కన్ను తెరిచారు. రెండోది తెరిచారు. సలోమి వైపు వంగి, "నీళ్ళేవమ్మా?" అన్నారు గొంతు తగ్గించి.

"పోశాం సార్," అంది సలోమి మైకులోనే. "మీరు పూర్తిగా తడిసిపోయారు."

కెమెరాలు తిరుగుతున్నాయి. పత్రికలవాళ్ళు పెన్నులు పట్టుకున్నారు. ఆయన మొహం ఎర్రబడింది. కోపగించుకుంటే పండుగ ధర్మం పోతుంది. తడవలేదంటే పంకా మొత్తం పోతుంది. రాష్ట్రమంతా గాలిలో కడిగిన చేతులన్నీ మట్టిచేతులేనని ఆయనే ఒప్పుకున్నట్టవుతుంది. పాపం, ఆయన పడ్డ అవస్థ చూడాలి! చివరికి పళ్ళు బయటపెట్టి నవ్వి, "గోవిందూ, తుండుగుడ్డ!" అన్నారు.

గోవిందు పరుగెత్తుకొచ్చాడు. ఆయన తల తుడుచుకున్నారు, మెడ తుడుచుకున్నారు, చొక్కా అంచు పిండుకున్నారు. ఆయన పిండుకోవడం చూసి పరివారమంతా తమ తమ చొక్కాలు పిండుకున్నారు. ఒక సూపరింటెండెంటు గారు చెవిలో నీళ్ళు పోయాయని తల పక్కకు వంచి ఒంటికాలి మీద గెంతారు. కదలిక బాగుందని విశ్వంభరరావు గారు కూడా మెచ్చుకున్నారు. తర్వాత ఆఫీసు గదిలోకి వెళ్ళి పొడిబట్టలు విప్పి పొడిబట్టలు కట్టుకుని వచ్చారు. జలుబు చేస్తుందేమోనని గోవిందు మిరియాల కషాయం ఇచ్చాడు. అదొక్కటే ఆ రోజు వేదిక మీద నిజంగా తాగింది.

"ఇంతటి మహా జలాభిషేకము నా జీవితములో ఎరుగను," అన్నారాయన మైకులో, దగ్గుతూ. మర్నాటి పేపర్లలో 'తడిసి ముద్దయిన అతిథులు' అని పడింది. ఫొటోలో ఆయన చొక్కా ఇస్త్రీ మడత స్పష్టంగా కనిపిస్తోంది గానీ ఎవరూ అడగలేదు.

రాజధానికి చేరాక అసలు చిక్కు వచ్చింది. ట్యాంకరు నీళ్ళు ఎక్కడికి పోయాయో నివేదికలో చూపించాలి. పిల్లల ట్యాంకులోకి పోయాయంటే ఉత్తర్వు మీరినట్టు, మిగిలాయంటే తడవనట్టు. అందుకని విశ్వంభరరావు గారు 'ట్యాంకరు నీరు యావత్తూ ముఖ్య అతిథిపై వినియోగించబడినది' అని రాసి సంతకం పెట్టారు. పైవారు చదివి ఆశ్చర్యపోయారు. ఒక్క మనిషి ట్యాంకరు నీళ్ళు నెత్తిన పోయించుకుని కూడా కోపం తెచ్చుకోలేదంటే ఈ పంకాలో ఏదో మహత్తు ఉందన్నారు. వెంటనే మరో ఉత్తర్వు వెలువడింది. 'పండుగకు అతిథి విచ్చేసిన ప్రతి పర్యాయమూ, అతిథి ఒక్కరికి ఒక ట్యాంకరు చొప్పున నీరు సరఫరా చేయవలెను. అతిథి యనగా మెడలో దండ, కూర్చొనుటకు కుర్చీ కలిగినవారు.'

సలోమి ఆ ఉత్తర్వును రెండుసార్లు చదివింది. మూడోసారి కాశిరెడ్డి గారికి చదివి వినిపించింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అమ్మాయ్, మన బళ్ళో కుర్చీ ఉందిగా?" అన్నారు. ఆ పూట మొదటిసారి ఆయన గొంతులో పింఛను మాట వినపడలేదు.

అప్పట్నుంచి నల్ల ట్యాంకు అడుగంటే రోజు చూసుకుని రాళ్ళవాగుపాలెం హైస్కూల్లో పండుగ జరుగుతోంది. మొదట టీ కొట్టు బాలయ్య ముఖ్య అతిథిగా విచ్చేశాడు. తర్వాత పోస్టుమాను, ఆ తర్వాత నర్సమ్మ. ప్రతిసారీ దండ, కుర్చీ, ఖాళీ బకెట్లు, ఫొటో. ప్రతిసారీ మస్తాను ట్యాంకరు. తాళాలు తీసిన తలుపులకు మళ్ళీ తాళాలు పడలేదు. మల్లీశ్వరి నీళ్ళ సీసా సంచిలో పెట్టుకుని బడికొస్తోంది. మంట మళ్ళీ రాలేదు. నాగవేణిని కెప్టెన్ చెయ్యాల్సిన అవసరమూ రాలేదు.

ఒకనాటి అతిథి నారాయణమ్మ. కోతకు సెలవు పెట్టి, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. బంతిపూల దండ వేసి కుర్చీలో కూర్చోబెడితే నవ్వాపుకోలేకపోయింది. పిల్లలు ఆమె నెత్తిన బకెట్లు గుమ్మరించారు. మల్లీశ్వరి కూడా ఒక బకెట్టు గుమ్మరించింది. నారాయణమ్మ మర్యాద కోసం కొంగుతో మొహం తుడుచుకుంది. వెనకపక్క నల్ల ట్యాంకులోకి నీళ్ళు పడుతున్న చప్పుడు వినపడుతుంటే చెవి అటే పెట్టి కూర్చుంది.

"వచ్చేసారి ఎవర్ని పిలుస్తారు టీచరమ్మా?" అనడిగింది.

"మీ పక్కింటి కోటమ్మని."

"తర్వాత?"

"వాళ్ళ పక్కింటోళ్ళని. వరసబెట్టి ఊరంతా ఉన్నారు గదమ్మా."

నారాయణమ్మ ఇళ్ళన్నీ మనసులో లెక్కేసుకున్నట్టుంది. "మరి ఊరోళ్ళంతా అయిపోయినాక?"

"అప్పటికి మీ మల్లీశ్వరి పదో తరగతి పాసైపోద్దిలే," అంది సలోమి నవ్వుతూ.

నారాయణమ్మ నవ్వలేదు. దండ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"దాని యెనకాల చెల్లెలుంది టీచరమ్మా. ఆరో తరగతి."